కాగితం మీద చోటు

మా అచ్చంపేట వైపు కాలువ చివర పొలం ఉన్న రైతునడగండి: కాగితం మీది ఆయకట్టు వేరు, మళ్లోకి వచ్చే నీళ్లు వేరు. నేను చూసే సర్వర్లదీ అదే సంగతి. 10 టీబీ స్టోరేజీ మీద వర్చువల్ మెషీన్లకు 18 టీబీ రాసిచ్చాం. థిన్ ప్రొవిజనింగ్ అంటే అదే, అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకం.

మొన్న రాత్రి, ఒక మెషీన్ అప్పటి స్థితిని దాచుకోవడానికి ఎవరో తీసి మర్చిపోయిన ఒక్క స్నాప్‌షాట్ పెరిగి పెరిగి స్టోరేజీ పూల్‌ని నింపేసింది. రాయడానికి చోటు లేక మెషీన్లు ఒక్కోటీ ఆగిపోయాయి. లోపల ఫైళ్లు చెరిపినా ఆ సంగతి స్టోరేజీకి చెప్పే ట్రిమ్ నడవందే ఆ చోటు వెనక్కి రాదు. స్నాప్‌షాట్‌ని కలిపేద్దామంటే దానికీ చోటు కావాలి! మర్చిపోయింది ఒకరు, తెల్లారేదాకా పని ఆగింది అందరిదీ.

మా పక్కనే ఉన్న పులిచింతల జలాశయం సామర్థ్యం 45.77 టీఎంసీలు, అక్కడ మట్టం రోజూ చూస్తారు. మీరూ పూల్ 75 శాతం నిండిన దగ్గరే అలారం పెట్టుకోండి. పాత స్నాప్‌షాట్లు ఈరోజే తీసేయండి.