ఇంజన్‌కి హరారత్

ఉర్దూ మీడియంలో సైన్సు చదివినవాళ్లకి వేడి అంటే హరారత్. మన ఇళ్లల్లో పిల్లల ఒళ్లు కాస్త వెచ్చబడినా అదే మాట: "హరారత్ ఉంది." ఈ రెండో అర్థం మెకానిక్ దుకాణంలో కూడా పనికొస్తుందని మొన్నటి ఎండాకాలం కోస్గిలో తెలిసింది.

మా ఖాలా కొడుకు బైకు మీద బట్టల మూటలు కట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతాడు. ఆ బైకే అతని దుకాణం, అతని రోజీ. మే నెలలో మధ్యాహ్నమయ్యేసరికి ఇంజన్ దగ్గర మోకాలు పెట్టలేనంత వేడి. చడావు వస్తే బండి మొరాయించేది. ఆయిల్ కూలర్ బిగిస్తే సరిపోతుందని ఎవరో చెప్పారు. పిల్లల ఫీజుకని దాచిన పైసలు జేబులో పెట్టుకుని ఉస్తాద్ దగ్గరికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను.

ఉస్తాద్ ముందు బండి చూశాడు. "బేటా, బుఖార్ వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తం. మర్జ్ ఏందో కూడా చూడాలె గదా!" అన్నాడు.

ఆయిల్ ఉండాల్సిన గీత కంటే బాగా కింద ఉంది. ఇంజన్ రెక్కల మధ్య ఎర్రమట్టి, జిడ్డు గట్టిపడి గాలి దూరే సందు లేదు. వెనక బ్రేక్ పట్టేసి చక్రం బరువుగా తిరుగుతోంది. మూడూ బాగుచేసి కొత్త ఆయిల్ పోశాడు. కూలర్ అమ్మితే ఆయనకే నాలుగు పైసలు మిగిలేవి, అమ్మలేదు. ఫీజు పైసలు ఫీజుకే పోయాయి.

అట్లని కూలర్ దండగ కాదు. ఇంజన్ ఆయిల్‌కి రెండు పనులు: లోపలి భాగాలు రాసుకుని అరిగిపోకుండా చూడడం, వేడిని మోసుకుపోవడం. మరీ కాగితే పలచబడి రెండూ సరిగా చేయలేదు. కూలర్ అంటే సన్న గొట్టాల చిన్న జాలీ. పంపు తోసిన వేడి ఆయిల్ అందులో తిరిగి, ఎదురుగాలికి చల్లబడి వెనక్కి వస్తుంది. పల్సర్ 220కి, 2016లో వచ్చిన హిమాలయన్‌కి కంపెనీవాళ్లే పెట్టారు. ఆ ఇంజన్ల తయారీయే దానికి తగ్గట్టు ఉంటుంది. తర్వాత బిగించినదాంట్లో పైపు ఊడితే ఆయిల్ రోడ్డు పాలు, చూస్తుండగానే ఇంజన్ పట్టేస్తుంది. బండి ఆగి ఉంటే గాలి తగలదు, ఫాయిదా తక్కువ. ఆయిల్ మరీ చల్లగా ఉన్నా నుక్సానే: అందులో చేరిన తేమ ఆవిరై పోదు.

మనలో ఎంతోమంది రోజీ బండి మీదే. వారానికోసారి బండిని సమంగా నిలబెట్టి, ఇంజన్ ఆపి, కాసేపాగి ఆయిల్ చూడండి. మాటిమాటికీ తగ్గుతుంటే ఎందుకో అడగండి. ఇంజన్ చల్లారాక రెక్కల్లో మట్టి కడగండి. అప్పటికీ హరారత్ దిగకపోతే, కూలర్ సంగతి ఇమాన్‌దార్ ఉస్తాద్‌తో మాట్లాడండి.