సీటు కింద దాచిన సంచి

మస్కట్‌లో ఎండాకాలం మనందరికీ అలవాటైన దృశ్యం ఒకటుంది. ఏసీ ఆగకూడదని ఇంజను ఆపకుండానే కారు వదిలి, కొట్లోకెళ్ళి పాలపాకెట్టు తెచ్చుకుంటాం. ఈ దేశం మనకిచ్చిన నిశ్చింత అంతటిది. కొన్నేళ్ళ కిందట ఆ నిశ్చింతే నన్ను దెబ్బతీసింది.

ఒక శుక్రవారం రెండు కుటుంబాలం కలిసి వాదీ షాబ్‌కి బయలుదేరాం. వీసా పని పూర్తయి ముందురోజు సాయంత్రమే నా పాస్‌పోర్టు చేతికొచ్చింది. అది లాప్‌టాప్ సంచిలోనే ఉండిపోయింది. తివీ దగ్గర హైవే వంతెన కింద కారు ఆపాక గానీ గుర్తురాలేదు. చుట్టూ జనం చూస్తుండగానే సంచిని సీటు కిందకి తోసి, పైన తువ్వాలు కప్పాను.

అక్కడికి వెళ్ళినవారికి తెలుసు. పడవలో నీళ్ళు దాటి, ముప్పావుగంట రాళ్ళమీద నడవాలి. ఆపైన గుహలో జలపాతం చూడాలంటే ఈదాల్సిందే. అందుకే చాలామంది విలువైనవన్నీ కారులో వదిలేస్తారు. మూడు గంటలదాకా వీళ్ళెవరూ తిరిగి రారని దొంగకీ తెలుసు.

మేం వచ్చేసరికి వెనక అద్దం పగిలి ఉంది. తువ్వాలు మాత్రం భద్రంగా ఉంది!

9999కి ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి ఓపిగ్గా అన్నీ రాసుకున్నారు. వాళ్ళు వెళ్ళాక గాజుముక్కలు ఏరడానికి చెయ్యేసింది, పిల్లలకి ఖర్జూరాలు పెట్టింది ముక్కూమొహం తెలియని ఒక ఒమానీ పెద్దాయన.

పోలీసు కాగితం తీసుకుని, కొత్త పాస్‌పోర్టు వచ్చి, వీసా దానిమీదకి మారేలోగా మా నాన్నగారి సంవత్సరీకం దాటిపోయింది. గుంటూరులో తమ్ముడు జరిపించాడు. పెద్దకొడుకునైన నేను మంత్రాలు ఫోన్లో విన్నాను.

అక్కర్లేని సమాచారం దగ్గర పెట్టుకోవద్దు, లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు అని ఆఫీసులో క్లయింట్లకి రోజూ చెప్తుంటాను. అది నా కారుకీ వర్తిస్తుందని తెలియడానికి అద్దం పగలాల్సి వచ్చింది.

ఇప్పుడు మా పద్ధతి మారింది. పాస్‌పోర్టులు, లాప్‌టాప్, నగలు ఇంట్లోనే. డిక్కీలో పెట్టవలసినవి ఇంటి దగ్గరే సర్దుతాం, కారు ఆపిన చోట డిక్కీ తెరవం. రెసిడెంట్ కార్డు, లైసెన్సు, ఫోన్, తాళం నీళ్ళు చొరబడని సంచిలో మాతోనే వస్తాయి. తాళాన్ని టైరు మీదో, రాయి కిందో దాచడం మానేశాం. ఛార్జరు తీగ, చిల్లర డబ్బులు కూడా బయటకి కనిపించనివ్వం. పదిమంది తిరిగే చోటే కారు ఆపుతాం, వాదీ అడుగున మాత్రం ఎప్పుడూ ఆపం. ఎక్కడో కొండమీద వాన పడితే కారుకి కారే కొట్టుకుపోతుంది.

పిల్లలూ, ఇందులో మీకూ ఒక ఉద్యోగం ఉంది. మా ఇంట్లో ఇన్‌స్పెక్టరు మా అమ్మాయే. బయలుదేరే ముందు టార్చిలైటు పట్టుకుని సీట్ల కిందంతా వెతుకుతుంది. చివర్లో నావైపు తిరిగి అడుగుతుంది.

"నాన్నా, నీ లాప్‌టాప్ సంచి ఎక్కడుంది?"