పాసుంది సరే, ప్లేటు మాటేమిటి?

రైలు ఖర్చు లేని బిలాస్‌పూర్ తెలుగిళ్లలో విహారయాత్ర లెక్క గది అద్దె దగ్గర మొదలై భోజనం దగ్గర చిక్కుపడుతుంది

బిలాస్‌పూర్ రైల్వే ఏరియాలోని బుధవారీ బజారులో సాయంత్రం పూట కాసేపు నిలబడితే నాలుగు భాషలు చెవిన పడతాయి. బేరం ఛత్తీస్‌గఢీలో మొదలై హిందీలో తెగుతుంది. పక్క దుకాణం ముందు బెంగాలీ వినిపిస్తుంది. మునక్కాయల గంప దగ్గర మాత్రం తరచూ తెలుగే, అదీ శ్రీకాకుళం, విజయనగరాల యాసలో. వేసవి సెలవులు దగ్గరపడే కొద్దీ కూరగాయల ధరలతోపాటు ఆ మాటల్లో మరో లెక్క చేరుతుంది. ఈసారి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి? ఎన్ని రోజులు? ఎంతవుతుంది?

మిగతా ఊళ్లలో ఈ లెక్క ప్రయాణ చార్జీలతో మొదలవుతుంది. ఇక్కడ అలా కాదు. రైల్వే ఉద్యోగి ఇంట్లో ప్రివిలేజ్ పాసు ఉంటుంది. గెజిటెడ్ హోదా లేని ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు నిండాక ఏడాదికి మూడు సెట్ల పాసులు వస్తాయి. వాటికి తోడు మూడో వంతు చార్జీతో వెళ్లడానికి పీటీవోలు నాలుగు సెట్లు. అందుకే దూరం వీరిని భయపెట్టదు. భయపెట్టేది దిగిన తర్వాత అయ్యే ఖర్చే. గది, తిండి. సరిగ్గా ఈ రెండింటి మీదే థీమ్ పార్కులు, రిసార్టులు ప్రకటనలు గుప్పిస్తాయి. ఒకచోట గది అద్దెపై 25 శాతం రాయితీ. ఇంకోచోట గది తీసుకుంటే భోజనం ఉచితం. రెండూ కలిపి అడిగితే కుదరదంటారు. ఏదో ఒకటే ఎంచుకోవాలి.

తిండిని టికెట్ నుంచి విడదీసి లెక్కగట్టడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. బిలాస్‌పూర్ నుంచి న్యూఢిల్లీ వెళ్లే రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో ఒకప్పుడు భోజనం ఖర్చు టికెట్‌లోనే కలిసి ఉండేది. 2017 నుంచి ఆ తరహా రైళ్లలో భోజనం వద్దనుకునే వీలు వచ్చింది. 2022 డిసెంబరు 11న మొదలైన నాగ్‌పూర్-బిలాస్‌పూర్ వందే భారత్‌లోనూ అంతే. వద్దని టిక్కు పెడితే ఆ మేరకు చార్జీ తగ్గుతుంది. ఇంటి నుంచి పులిహోర పొట్లం తెచ్చుకున్నవారికి అది నిఖార్సయిన లాభం. ఏమీ తెచ్చుకోనివారికి ఆకలి. రిసార్టు ప్యాకేజీ కూడా సరిగ్గా ఇదే ప్రశ్న వేస్తుంది. కాకపోతే అక్కడ అంకెలు పెద్దవి.

ఇంతకీ ఇన్ని తెలుగు కుటుంబాలు ఈ ఊరికి ఎలా వచ్చాయి? జవాబు మూడక్షరాల్లో ఉంది. బీఎన్ఆర్. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు వేసిన లైను 1891 నాటికి పూర్తయింది. అదే కంపెనీ తూర్పు తీరంలో వాల్తేరు దాకా చేరింది. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ లైను తెరుచుకుంది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకుని బయల్దేరినవారికి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వర్క్‌షాపులు, యార్డులు అన్నం పెట్టాయి. 1944లో కంపెనీ ప్రభుత్వపరమైంది. 1955లో ఆగ్నేయ రైల్వే అయింది. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ పుట్టింది. తరాలు మారాయి, బోర్డులు మారాయి. సెలవు దొరికితే దక్షిణం వైపు రైలెక్కే అలవాటు మాత్రం మారలేదు. తిరుపతి ఎక్స్‌ప్రెస్, కోర్బా-విశాఖపట్నం లింక్ ఎక్స్‌ప్రెస్ టిట్లాగఢ్, రాయగడల మీదుగా తాతల ఊళ్లను తాకుతూనే వెళతాయి.

మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి, చుట్టాలను చూడటానికి విశాఖ, పిల్లల కోరికకు రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో మొదలైన ఈ సినీనగరి ప్రపంచంలోనే అతిపెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి పక్కన, నగరానికి 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. లోపలే సితార, తార వంటి హోటళ్లు ఉన్నాయి. గది, ప్రవేశం, తిండి కలిపి ప్యాకేజీగా అమ్మే పద్ధతీ ఉంది. సీజన్‌ను బట్టి ధరలూ మారతాయి, కలిపేవీ మారతాయి. అందుకే ప్రకటనలోని పెద్ద అక్షరాల కంటే హోటల్ భాషలోని నాలుగు పొడి అక్షరాలను చూడటం మేలు.

ఈపీ అంటే గది మాత్రమే. సీపీ అంటే గది, ఉదయం ఫలహారం. ఎంఏపీ అంటే ఫలహారంతోపాటు ఒక పూట భోజనం. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, మూడు పూటలా తిండి. ఇందులో ఆఖరిది చూడ్డానికి నిండుగా ఉంటుంది కానీ పార్కుకు వెళ్లేవారికి అన్నిసార్లూ పనికిరాదు. మధ్యాహ్నం ఒంటిగంటకు పిల్లలు ఏ రైడు వరుసలోనో ఉంటారు. హోటల్లో వడ్డించిన భోజనం వారిని వెతుక్కుంటూ రాదు.

ఇక అసలు లెక్క. భార్యాభర్తలు, ఏడేళ్లు, పదకొండేళ్ల పిల్లలిద్దరు, ఒక నాయనమ్మ. మొత్తం ఐదుగురు, ఒకే గది, రెండు రాత్రులు అనుకుందాం. ఉదాహరణ కోసం గది అద్దె రోజుకు రూ.6,000, రాత్రి బఫే మనిషికి రూ.900, చిన్నపిల్లలకు సగం అనుకుందాం. పదేళ్లు దాటితే పెద్దల కిందే జమ. మొదటి ఆఫర్‌లో గదిపై 25 శాతం తగ్గింపు. రెండో ఆఫర్‌లో గదికి పూర్తి అద్దె, ఇద్దరికి రాత్రి భోజనం ఉచితం.

మొదటి ఆఫర్ తీసుకుంటే రెండు రాత్రులకు గది రూ.9,000, 5 శాతం జీఎస్టీ రూ.450. బయట మనిషికి రూ.300తో థాలీ దొరికితే ఐదుగురికి రెండు పూటలకు రూ.3,000. మొత్తం రూ.12,450. రెండో ఆఫర్‌లో గది, పన్ను కలిపి రూ.12,600. ఉచితం ఇద్దరికే కాబట్టి నాయనమ్మకు, పెద్ద పిల్లకు తొమ్మిదేసి వందలు, చిన్నవాడికి రూ.450 కట్టాలి. అది రెండు రాత్రులకు రూ.4,500. మొత్తం రూ.17,100. భోజనంపై పన్ను పక్కన పెట్టినా ఉచిత భోజనం ఖరీదు రూ.4,650 ఎక్కువ తేలింది.

ఇప్పుడు ఒక్క సంగతి మార్చి చూడండి. బయట థాలీ దొరకదు, అందరూ హోటల్ బఫేలోనే తినాలి. అప్పుడు మొదటి ఆఫర్‌లో భోజనాలకే రూ.8,100 అవుతుంది. గదితో కలిపి రూ.17,550. రెండో ఆఫర్ రూ.17,100 దగ్గరే ఉంటుంది. ఈసారి ఉచిత భోజనమే రూ.450 చవక. మనుషులు వారే, గది అదే, ధరలవే. తేడా అంతా రూ.300 థాలీ నడిచే దూరంలో ఉందా లేదా అన్నదానిలోనే ఉంది.

అందుకే విశాఖలో పనికొచ్చే సూత్రం ఫిల్మ్ సిటీలో పనికిరాదు. విశాఖలో హోటల్ గుమ్మం దిగితే మెస్సులు, టిఫిన్ సెంటర్లు ఉంటాయి. అక్కడ గది రాయితీదే గెలుపు. ఊరికి దూరంగా, ప్రహరీ లోపల ఉండే చోట రాత్రి ఎనిమిదింటికి చవక భోజనం కోసం టాక్సీ మాట్లాడుకుంటే మిగిలేది శూన్యం. బయటి తిండిని లోపలికి రానివ్వని పార్కులైతే సంచిలోని చపాతీలు, ఆవకాయ కూడా లెక్కలోంచి తీసేయాల్సిందే. ముంబై వైపు వెళ్లేవారికి ఖోపోలీ దగ్గర 2013లో తెరుచుకున్న ఇమాజికా పార్కు విషయంలోనూ ఇదే కొలత.

పన్ను మరో మెలిక. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు ఉన్న గదిపై జీఎస్టీ 5 శాతం. అది దాటితే 18 శాతం. ప్రకటించిన ధరపై కాదు, నిజంగా వసూలు చేసిన ధరపైనే ఈ లెక్క. రూ.9,000 గదిని పూర్తి ధరకు తీసుకుంటే పన్నుతో రూ.10,620. అదే గది 20 శాతం తగ్గింపుతో రూ.7,200కు వస్తే పన్ను రూ.360 మాత్రమే, మొత్తం రూ.7,560. తగ్గించింది రూ.1,800 అయితే జేబులో మిగిలింది రూ.3,060. ఆ రాత్రి ఉచిత భోజనం అంతకు మించి విలువ చేస్తే తప్ప రాయితీని వదులుకోకూడదు.

ఈ తర్జనభర్జన బిలాస్‌పూర్‌కే పరిమితం కాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డ్ 2005లో డైనింగ్ ప్లాన్ తెచ్చి, అదే ఏడాది దాన్ని ఉచితంగా ఇచ్చే ఆఫర్‌నూ మొదలుపెట్టింది. గదికి పూర్తి ధర కడితేనే ఆ ఉచితం వర్తించేది. అక్కడ స్థిరపడిన తెలుగువారు సహా లక్షల కుటుంబాలు అప్పట్నుంచీ కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాయి. వారికి తేలింది సులువైన సూత్రమే. గది చవకదై మనుషులు ఎక్కువుంటే భోజనం ఆఫర్ లాభం. గది ఖరీదైనదై ఇద్దరే ఉంటే గది రాయితీ లాభం. ఎందుకంటే రాయితీ గదిని చూస్తుంది, భోజనం తలలను లెక్కపెడుతుంది. కొవిడ్‌తో 2020లో ఆగిన ఆ ప్లాన్ 2024 జనవరిలో తిరిగొచ్చింది. అక్కడా మూడు నుంచి తొమ్మిదేళ్ల వరకే పిల్లల లెక్క. పదో పుట్టినరోజు దాటితే ప్లేటు పెద్దది, బిల్లూ పెద్దదే.

తెలుగిళ్లకు మరో చిక్కు ఉంది. శనివారం ఒంటిపూట ఉండే పెద్దవారు, మాంసం ముట్టనివారు, పెరుగన్నంతో సరిపెట్టుకునే నాయనమ్మ కూడా బఫేకు మిగతావారితో సమానంగా కట్టాలి. కబాబులకూ, చేపల వేపుళ్లకూ పెట్టిన ధరను పప్పన్నం తినేవారూ మోస్తారు. మెనూ ధర మన భోజనం విలువ కాదు. ఆఫర్ లేకపోతే ఆ పూటకు మనం ఎంత ఖర్చుపెట్టేవాళ్లమో అదే దాని విలువ.

రైల్వేవారికి వేరే చెప్పనక్కర్లేని ముప్పు ఒకటుంది. ఆలస్యం. ఇది బొగ్గు జోన్. 2022 వేసవిలో బొగ్గు రేకులకు దారి ఇవ్వడానికి ఇక్కడ పలు ప్రయాణికుల రైళ్లు రద్దయ్యాయి. మధ్యాహ్నం దిగాల్సిన రైలు రాత్రి చేరితే ముందే డబ్బు కట్టిన భోజనం పోయినట్టే. తినని పూటకు డబ్బు వెనక్కి ఇస్తారా, రైలు రద్దయితే తేదీ మారుస్తారా అన్నది డబ్బు కట్టక ముందే రాతపూర్వకంగా అడిగి తీరాలి. తక్కువ ధర ఆఫర్లకు ఇలాంటి వెసులుబాటు తరచూ ఉండదు.

ఇంత లెక్క వేసినా ఒక పద్దు మిగిలిపోతుంది. రైల్వే ఉద్యోగులకు పలు యాత్రాస్థలాల్లో హాలిడే హోములున్నాయి. అద్దె నామమాత్రం. వంటకు వీలున్న చోట స్టవ్వు, కుక్కర్ సర్దుకుని వెళ్లే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. గది రాయితీ కంటే, ఉచిత భోజనం కంటే అదే చవక. కానీ అక్కడ ఉదయం అయిదింటికి లేచి ఉప్మా కలిపేదెవరు? సాయంత్రం అందరూ కాళ్లు చాపుకున్నాక అన్నం వార్చేదెవరు? క్వార్టర్లో చేసే పనే మరో ఊళ్లో చేస్తే ఆమెకు అది విహారయాత్ర ఎలా అవుతుంది? ఏడాది పొడవునా నైట్ డ్యూటీలకు డబ్బాలు కట్టిన మనిషి రెండు రోజులు వేడివేడిగా వడ్డించుకుని తినడానికి ఏ ప్రకటనలోనూ ధర వేయరు. ఆ ధర ఇంట్లోవారే వేసుకోవాలి.

ఈ మాట చెప్పడానికి బిలాస్‌పూర్ స్టేషన్ కంటే తగిన చోటు లేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 'ఫాంకి' అనే కవితలో జబ్బుపడిన భార్యను గాలిమార్పు కోసం తీసుకెళుతున్న భర్త ఇక్కడే రైలు మారాలి. ఆరు గంటలు ఆగాలి. కూతురి పెళ్లికి 25 రూపాయలు కావాలన్న ఒక రైల్వే కూలీ భార్యకు ఆ డబ్బు ఇమ్మని ఆమె భర్తను కోరుతుంది. అతను చాటుగా రెండు రూపాయలిచ్చి పంపేసి, భార్యకు ఆ సంగతి చెప్పడు. రెండు నెలలకు ఆమె కన్నుమూస్తుంది. మిగిల్చిన 23 రూపాయల బాకీ తీర్చుకోవడానికి అతను మళ్లీ ఇదే స్టేషన్‌కు వచ్చి వెతుకుతాడు. తీసుకునే మనిషి దొరకదు. ఆ కవితను స్టేషన్‌లో ఫలకంపై ప్రదర్శించారు. పాసు జేబులో పెట్టుకుని, రిసార్టు బుకింగ్ కాగితం మడిచి పట్టుకుని, రైలు కోసం ఎదురుచూసే కుటుంబాలు దాని పక్కనుంచే నడిచి వెళతాయి.