ఐదు గుండ్ల తుపాకీ

తాడేపల్లిగూడెంలోని ఆ రిటైర్డు మాస్టారింట్లో బీరువా పై అరలో ఓ తుపాకీ ఉండేది. చెక్కది. పైన నల్లగా తారు పూత. 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణ పట్టుకున్నది ఇదేనని మాస్టారు చెప్పేవారు. పిల్లలు నమ్మారు. మనవరాలూ నమ్మింది.

1971లో వచ్చిన సినిమా అది. కె.ఎస్‌.ఆర్‌.దాస్‌ దర్శకుడు, రాసింది ఆరుద్ర. రాజస్థాన్‌ ఎడారిలో గుర్రాల పరుగులు, తుపాకుల మోతలు! అందులోనూ కృష్ణ ఏలూరు సి.ఆర్‌.రెడ్డి కాలేజీలో చదివినవాడాయె. కొల్లేటి లంకల కుర్రాళ్ళకి సొంత మనిషే.

2023 మే నెలలో ఆ సినిమా మళ్ళీ విడుదలైంది. ఆ కబుర్లలో తుపాకీ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, పాత సినిమా వస్తువులు సేకరించే ఓ కుర్రాడు హైదరాబాద్‌ నుంచి వచ్చాడు.

''చెక్కదైనా ఫరవాలేదండీ. దగ్గరి షాట్లకి అసలు తుపాకులు, ఉత్త తూటాలు వాడతారు. దూరం షాట్లకీ, కిందపడే సీన్లకీ చెక్కవో రబ్బరువో చాలు. క్లింట్‌ ఈస్ట్‌వుడ్‌ రివాల్వర్‌ పిడిమీద వెండి పాము ఉంటుంది. ఆ పిడిని టీవీ సీరియల్లోనూ, తర్వాత సినిమాల్లోనూ వాడారు. అలాంటి గుర్తులే మాకు ఆధారం'' అంటూ తుపాకీని తిప్పి చూశాడు. చక్రం మీద చెక్కిన గుంటలు లెక్కపెట్టాడు.

''కౌబాయ్‌ సినిమాల్లో ఎక్కువగా కనిపించేది 1873 నాటి కోల్ట్‌ రివాల్వరండీ. దానికి ఆరుంటాయి. ఇక్కడ ఐదే ఉన్నాయేంటి మాస్టారూ? అయినా యాభై వేలిస్తాను. కృష్ణగారిదేనని ఒక్క కాగితం రాసివ్వండి, చాలు.''

మనవరాలు తాతయ్య మొహంలోకే చూస్తోంది. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు.

''ఇది మా అన్నయ్య చేశాడు బాబూ'' అన్నారు చివరికి. ''ఇద్దరికీ టికెట్టు డబ్బుల్లేవు. వాడొక్కడే ఏలూరెళ్ళి చూసొచ్చాడు. నేను ఏడుస్తుంటే, విరిగిపోయిన తాటిదోనె చెక్కతో రెండు రోజులు కూర్చుని చెక్కాడు. ఒక్కసారి చూసిందేగా, ఓ గుంట మర్చిపోయాడు.''

ఆ అన్నయ్యే బడి మానేసి, కొల్లేట్లో చేపలు పట్టి తమ్ముణ్ణి చదివించాడు. పెద్దయ్యాక తమ్ముడు వచ్చిన చుట్టాలందరికీ సినిమా తుపాకీ అని చూపిస్తుంటే, పక్కనే కూర్చుని విని నవ్వి ఊరుకునేవాడు. ఒక్కనాడూ కాదనలేదు. ఆయన పోయి పదేళ్ళయింది.

కుర్రాడు తుపాకీని జాగ్రత్తగా బల్లమీద పెట్టి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

''అయితే తాతయ్యా, ఎవరైనా అడిగితే ఇప్పుడేం చెప్పాలి?'' అంది మనవరాలు.

''మీ పెదతాతయ్య చేశాడని చెప్పమ్మా'' అన్నారు మాస్టారు. తుపాకీని మళ్ళీ బీరువాలో పెట్టలేదు. హాల్లో అన్నయ్య ఫొటో కింద మేకు కొట్టి తగిలించారు.