డొంక

సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా చీరాలలో బస్సెక్కి, మా వూరి మలుపులో దిగి, డొంక వెంట నడవడం నాకు అలవాటు. కిందటి సంక్రాంతికి మాత్రం సగం దూరం పోయి వెనక్కు తిరిగాను. తూము పగిలిపోయింది. సర్కారు తుమ్మ రెండు వైపులనుంచీ కలుసుకుంది. మనిషి సంగతి అలా వుంచి, మేక కూడా దూరేట్టు లేదు.

పట్నం మిత్రులకు డొంక అంటే తెలియకపోవచ్చు. పొలాల మధ్య బళ్ళు పోవడానికి వదిలిన పోరంబోకు దారి. గోదావరి వాళ్ళు పుంత అంటారు. అందరిదీ కనుక అందరూ తిరుగుతారు, ఎవరూ బాగుచెయ్యరు.

మా వూళ్ళో దాని అవసరం అందరికంటె యానాదులకే ఎక్కువ. కోతలయ్యాక వాళ్ళు ఎలకల వేటకు వస్తారు. అడుగున చిల్లివున్న కుండలో గడ్డి కుక్కి, నిప్పు రాజేసి, మూతిని కలుగుకు ఆనించి చిల్లిగుండా వూదుతారు. పొగకు ఉక్కిరిబిక్కిరైన ఎలుకలూ, అవి దాచుకున్న వెన్నులూ రెండూ వాళ్ళవే. 1972 వన్యప్రాణి చట్టంతో వేట చాలా మటుకు నేరమయింది గాని, ఎలుకలను అప్పట్లో హానికర జంతువుల జాబితాలో వేసి వదిలేశారు. (జంతుశాస్త్రంలో మేము చదివే 'బాండికోటా' మన పందికొక్కే. ఆ పేరు తెలుగునుంచే పోయింది.) రైతు గట్టుమీద వేటాడాలంటే రైతు సరేననాలి. డొంకమీద, కుంట కట్టమీద ఎవర్నీ అడగక్కర్లేదు.

ఆ రోజు డొంక మొదట్లో ఒక ముసలాయన కుండ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నాన్నకంటె పదేళ్ళు పెద్ద. నాన్న మాత్రం ఆయన్ని 'ఏరా' అనే పిలుస్తాడు.

"లోపలికి దారేదీ బాబూ? మీ ఎలకలన్నీ ఆ తుమ్మలోనే కాపరం పెట్టినయ్. రాత్రికి మీ చేలో దిగుతయ్, తెల్లారేసరికి ఇంటికి పోతయ్," అన్నాడు. కాసేపాగి, "డొంకను మూసింది తుమ్మొక్కటే కాదులే," అన్నాడు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. పెట్టెలో ఎఫ్.ఎం.బి. నకలు వుంటే తీశాను. డొంక వెడల్పు యాభై లింకులు. లింకుకు 7.92 అంగుళాలు, అంటే ముప్ఫయిమూడు అడుగులు. టేపు పట్టుకుని పోతే మా చేను దగ్గర ఇరవయ్యే వచ్చింది. అవతలి వాళ్ళవి ఏడు, మావి ఆరు. సర్వేరాయి మా మినుము చేలో, గట్టుకు ఆరడుగులు లోపల వుంది. చిన్నప్పుడు నేను చద్ది తిన్న రాయి! అదక్కడెందుకుందో ఒక్కనాడూ అడగలేదు. మూడువందల అడుగుల పొడవున లెక్కవేస్తే నాలుగు సెంట్లు దాటింది. ఒక్కసారిగా కాదు, ఏడాదికో చాలు చొప్పున.

నాన్నకు చెప్పాను. "నీ బియ్యస్సీ నా గట్టు కొలవడానికా? అవతలివాణ్ణి ముందు జరగమను," అని కండువా దులుపుకుని లేచిపోయారు. ఆక్రమణల చట్టం 1905 నాటిదనీ, ఊరుమ్మడి భూములు ఖాళీ చేయించమని 2011లో సుప్రీంకోర్టు చెప్పిందనీ నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. ఆ నాలుగు సెంట్ల మినుములు నా హాస్టలు ఖర్చులో వున్నాయి గదా. 1921లో మునిసిపాలిటీ పన్ను కాదని చీరాల పేరాల జనం ఇళ్ళనే వదిలి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట రామనగరం పాకల్లో నెలల తరబడి వున్నారు. మేము ఆరడుగులు వదలలేము.

భోగి మాత్రం కలిసొచ్చింది. మంటకని కుర్రాళ్ళం గొడ్డళ్ళతో పోయి తుమ్మ కొట్టి ట్రాక్టరు మీద వూళ్ళోకి తోలాం. పండగ మర్నాటికే ముసలాయన మనవళ్ళతో కుంట కట్టమీద వున్నాడు. పగిలిన తూము అడ్డంగా రెండు తాటిదుంగలు వేశాడు, ఎవరూ అడక్కుండానే.

వేసవిలో మళ్ళీ పోయాను. వేళ్ళు తవ్వలేదేమో, తుమ్మ మొదళ్ళన్నీ మోకాలెత్తు పిలకలు వేశాయి. చేలో సర్వేరాయికి సున్నం కొట్టివుంది. ఎవరు కొట్టారని అమ్మనడిగితే, "మీ నాన్నే," అంది.

గట్టు మాత్రం వున్నచోటే వుంది.