వెనక సీటు

చొక్కా నానబెట్టబోతూ జేబు తడిమితే ఒక చీటీ దొరికింది. 5 వేలు ముట్టినట్టు ఎవరో కుర్రాడి సంతకం, కింద ఒక బండి నంబరు. మా ఇంట్లో రహస్యాలు బయటపడేది ఎప్పుడూ ఈ బట్టల బకెట్ దగ్గరే.

సాయంత్రం కాఫీ ఇస్తూ చీటీ కూడా గ్లాసు పక్కనే పెట్టాను. మా వారు కాసేపు చీటీ వైపు, కాసేపు నా వైపు చూసి అసలు సంగతి చెప్పారు. పెళ్ళికాక ముందు నుంచీ ఆయనకో కోరిక ఉంది. రాజమండ్రి నుంచి రామేశ్వరం దాకా బండి మీద వెళ్ళాలి. పోను వెయ్యి కిలోమీటర్ల పైమాటే. పిల్లలు, ఫీజులు, అత్తయ్య ఆపరేషను, ఇలా ఎప్పటికప్పుడు వాయిదా పడుతూ వచ్చింది. పెద్దాడి చదువు ఈ ఏడు అయిపోయింది కదా, ఇక వాయిదా వెయ్యలేక సెకండ్ హ్యాండ్‌లో క్రూయిజర్ బండి చూసుకున్నారట. క్రూయిజర్ అంటే సీటు కిందకి ఉండి, హ్యాండిల్ ఎత్తుగా ఉండి, కాళ్ళు కాస్త ముందుకి చాపుకుని పడక్కుర్చీలోలా కూర్చునే బండి. ఫోన్‌లో ఫొటో చూపించారు. బాగానే ఉంది, నిగనిగలాడుతోంది. కానీ సీటు ఒకటే ఉంది. వెనక సీటు తీసేసి ఇనప కమ్మీల చట్రమేదో బిగించారు.

"ఇందులో నేనెక్కడ కూర్చోవాలి?" అన్నాను.

"బస్సులో రెండు గంటలు కూర్చుంటేనే నడుం అంటావు కదా, నువ్వొస్తావనుకోలేదు."

"అడిగారా?"

దానికి సమాధానం రాలేదు. నేనూ రెట్టించలేదు. ఆ తర్వాత రెండ్రోజులు మా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. కూరలో ఉప్పు సరిపోయిందా, గేటు వేశారా, అంతే.

22 ఏళ్ళుగా ఆయన బండి వెనక సీటు నాదే. ఒళ్ళో పిల్లాడు, మధ్యలో పిల్ల, చేతిలో బియ్యం సంచి, ఒక్కోసారి అన్నీ కలిపి. నడుం నొప్పి ఆ సీటు మీదే మొదలైంది. ఇంకో సంగతి కూడా ఉంది. నేను ఇంటర్ చదివేటప్పుడు మా పిన్ని చిన్నాన్న మోటార్ సైకిల్ మీద పెళ్ళికి వెళ్తుంటే కొత్త పట్టుచీర పైట వెనక చక్రంలో పడింది. చక్రం లాగేసుకుంది. పిన్ని బతికింది గానీ, ఆ కుడిచెయ్యి ఈ రోజుకీ భుజం పైకి లేవదు. జడ వేసుకోవాలంటే కూతుర్ని పిలవాలి. ఆ రోజు నుంచీ బండి ఎక్కగానే నా చెయ్యి ముందు పైట చెంగు మీదకే పోతుంది. అది నడుం దగ్గర దోపుకున్నాకే "ఊఁ, పోనివ్వండి" అంటాను. ఆ "ఊఁ" ఎందుకంటానో ఆయన ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మూడో రోజు ఆయనే అన్నారు, "ఒకసారి వచ్చి బండి చూడు, వద్దంటే మానేస్తాను" అని. వెళ్ళాను. నా కళ్ళు తిన్నగా వెనక చక్రం మీదకే పోయాయి. చీర గార్డు లేదు. "గార్డు ఏదమ్మా?" అంటే, "అది ఎవరూ ఉంచుకోరు ఆంటీ, లుక్ పోతుంది. కొన్న రోజే పీకేశాను" అన్నాడు ఆ కుర్రాడు. పాపం, వాడి తప్పేముంది, ఎవరూ చెప్పి ఉండరు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఈ గార్డు గురించే. వెనక కూర్చునేవాళ్ళకి పట్టుకోడానికి పిడి, కాళ్ళకి ఆసరా, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని అందులో ఉంది. ఇంజినీర్లంతా కలిసి మన చీరల కోసం ఒక వస్తువు చేసి బిగిస్తే, మగపిల్లలు మొట్టమొదట విప్పి పడేసేది దాన్నే!

ఆ బండికి సైలెన్సర్ మార్చారు, హ్యాండిల్ మార్చారు, వెనక భాగం కోసేశారు. కంపెనీ ఇచ్చిన మూలరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ఇవన్నీ మా పెద్దాడు ఫోన్‌లో చూసి వాళ్ళ నాన్నకి చదివి వినిపించాడు. 5 వేలల్లో సగం ఆ కుర్రాడు తిరిగిచ్చాడు. మంచివాడే.

అప్పుడు నేనొక షరతు పెట్టాను. ఏ బండైనా ముందు నేను వెనక అరగంట కూర్చుంటాను. నా నడుం ఒప్పుకుంటేనే బేరం.

మూడు ఆదివారాలు తిరిగాం. ముందు ఒక బజాజ్ అవెంజర్ చూశాం. సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లే, ఎక్కడం దిగడం హాయిగా ఉంది. వెనక ఆనుకోడానికి దిండు కూడా ఉంది. దాదాపు మనసైపోయింది. కానీ ఆ బండిని చూసుకున్నవాళ్ళు సరిగ్గా చూసుకోలేదు. వెనక షాకబ్జార్బర్లు రెండూ అరిగిపోయి, మా ఇద్దరి బరువుకి స్పీడ్ బ్రేకర్ దగ్గర అడుగు రాసుకుంది. ఇంకోచోట ఒక దుకాణంలో 14 వేల కిలోమీటర్లే తిరిగిందన్నారు. మీటరు అలాగే చూపిస్తోంది. కాళ్ళు పెట్టుకునే రబ్బర్లు మాత్రం అరిగి నున్నగా అయిపోయాయి, బ్రేకు పెడల్ అంచు తళతళలాడుతోంది. మీటరుతో అబద్ధం చెప్పించొచ్చు గానీ రబ్బరు చేత చెప్పించలేరు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2315 అంటే 2015లో 23వ వారంలో తయారైందన్నమాట. పాల ప్యాకెట్ మీద తేదీ చూసే అలవాటున్న మనకి ఇదేం కష్టం కాదు.

చివరికి ఒక రిటైరైన పెద్దాయన దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350 దొరికింది. 2016 బండి, 31 వేల కిలోమీటర్లు తిరిగింది. ఏదీ మార్చలేదు, చీర గార్డుతో సహా అన్నీ కంపెనీవే. 2020లో మీటియోర్ రాకముందే థండర్‌బర్డ్ తయారీ ఆగిపోయింది, మరి సామాన్లు దొరుకుతాయా అని నా సందేహం. 346 సీసీ ఇంజన్ ఆ రోజుల్లోని క్లాసిక్ 350దే కాబట్టి ఏ మెకానిక్కుకైనా తెలుసు, దిగుల్లేదన్నారు. ట్యాంకు 20 లీటర్లు. బంకు కోసం వెతుక్కోకుండా చాలా దూరం పోవచ్చు.

"మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యకండి బాబాయిగారూ" అని ముందే ఫోన్ చేసి చెప్పాం. వెళ్ళగానే పిల్లలకి జ్వరం చూసినట్టు అరచెయ్యి తిప్పి ఇంజన్ మీద పెట్టాను. చల్లగానే ఉంది. వేడెక్కిన ఇంజన్ జబ్బులు దాచుకుంటుంది, తెల్లారి మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే పొగైనా చప్పుడైనా బయటపడేది. పొగ లేదు. ముందు ఫోర్కుల మీద నూనె చెమ్మ లేదు. చైను పళ్ళు మొనదేలలేదు. ఫ్రేము మీద కొట్టిన ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోయింది.

నా వంతుగా అరగంట కూర్చున్నాను. సీటు మధ్యలో కుంగింది గానీ ఫరవాలేదు. అప్పుడు మా పెద్దాడికో చిలిపి ఆలోచన వచ్చింది. "నాన్నా, నేను నడుపుతాను, నువ్వు వెనక కూర్చో" అన్నాడు. ఆయన నవ్వుతూ ఎక్కారు. లాలాచెరువు దాకా వెళ్ళి వచ్చారు. దిగేటప్పుడు నవ్వడం లేదు. నడుం మీద చెయ్యి వేసుకుని, "గొయ్యి వస్తోందని వెనకున్నవాళ్ళకి ముందు తెలీదు కదా" అన్నారు. 22 ఏళ్ళుగా నేను కూర్చునే చోట ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. నేనేమీ అనలేదు. అనాల్సింది ఆ గొయ్యే అనేసింది.

92 వేలకి బేరం కుదిరింది. 29, 30 నంబర్ల ఫారాల మీద సంతకాలు, పాత లోను తీరిపోయినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం, 35వ ఫారం, పెండింగ్ చలానాలు, అన్నీ ఆ రోజే చూసుకున్నాం. బండి చేతులు మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్సు కూడా మన పేరుకి మార్పించుకోవాలి. ఇది చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలకండి.

ఇక బండిని మాకు తగ్గట్టు చేసుకునే పని. కంపెనీ నమూనా జోలికి పోకుండా, మళ్ళీ విప్పేసుకోగలిగినవే పెట్టించాలనుకున్నాం. అన్నిటికన్నా ముందు సీటు. సీట్లు కుట్టే ఆయన నన్ను బండి మీద కూర్చోబెట్టి, బరువు ఎక్కడ ఆనుతోందో సుద్దముక్కతో గీశాడు. ఇన్నేళ్ళలో జాకెట్టుకి తప్ప దేనికీ నా కొలతలు ఎవరూ తీసుకోలేదు. కుంగిన ఫోమ్ తీసి, అడుగున గట్టిది, పైన మెత్తది వేసి, బ్రేకు వేసినప్పుడు నేను ముందుకి జారకుండా వెనక వైపు కొంచెం వాలు ఇచ్చాడు. మరీ మెత్తటి సీటు అరగంట బాగుంటుంది, ఆ తర్వాత ఎముకలకి తగులుతుందట. మన ఇంట్లో దూది పరుపుల సంగతే. ఆనుకునే దిండు కూడా రెండంగుళాలు పెంచాడు.

తర్వాత సంచులు. రెండు పక్కలా వేలాడే సంచులు చక్రంలోకి పోకుండా ఇనప కమ్మీలు బిగించాలి. బరువైనవి అడుగున, రెండు సంచులూ సమానంగా. మా ఇంట్లో వేలాడే కాటాతో తూచి మరీ సర్దాను. స్పోకుల చక్రాలు, ట్యూబు టైర్లు కాబట్టి ఒక ట్యూబు, క్లచ్ వైరు, యాక్సిలేటర్ వైరు అడుగున చేరాయి. గాలి ఛాతీకి కొట్టకుండా ముందు ఒక అద్దం పెట్టించారు. మొదటి రోజు ఆ గాలి తిన్నగా వచ్చి నా హెల్మెట్‌లో ఈల వేసింది. అద్దం కాస్త వాల్చాక తగ్గింది. నాలుగు పెద్ద లైట్లు పెట్టిస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. చీకటి పడ్డాక మనం బండి ఎక్కేది లేదు, ఇక ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొట్టడానికా లైట్లు? ఆ డబ్బుతో నాకు మంచి హెల్మెట్ కొన్నారు.

రామేశ్వరానికి ముందు ఒకసారి చూసుకుందామని గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా భద్రాచలం వెళ్ళాం. పంజాబీ డ్రెస్ వేసుకుని, రెండు కాళ్ళూ రెండు వైపులా వేసి కూర్చున్నాను. మారేడుమిల్లి దాటాక ఘాట్‌లో ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. ఒక పక్కకి కూర్చునేవాళ్ళకి రోడ్డు ఎడమ వైపే కనిపిస్తుంది. నిజమండీ, మీరే గుర్తు చేసుకోండి. మా ఊరి మెయిన్ రోడ్డులో కుడి పక్క దుకాణాలు నాకు తిరుగు ప్రయాణంలో చూసినవే. అలాంటిది అడవి రెండు పక్కలా ఒకేసారి కనిపిస్తుంటే మెడ ఎటు తిప్పాలో తెలియలేదు. "ఊఁ అనలేదే ఇవాళ?" అన్నారు ఆయన. ఇన్నేళ్ళూ ఆ "ఊఁ" ఆయనకి వినపడుతూనే ఉందన్నమాట. అక్కడే బండి ఆపించి పిన్ని సంగతి, పైట సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్ళి, చీర గార్డు బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో వంగి చూసి వచ్చారు.

నడుం నొప్పి రాలేదని అబద్ధం చెప్పను. చింతూరు దగ్గర వచ్చింది. గంటకోసారి దిగి పది నిమిషాలు నడిస్తే తగ్గుతోంది. కుడి సంచి అడుగు సైలెన్సర్ వేడికి కమిలింది, వచ్చాక ఆ కమ్మీ ఇంకో రెండంగుళాలు పైకి జరిపించాం. రామేశ్వరానికి సంక్రాంతి అయ్యాక బయల్దేరతాం. ఐదు రోజుల్లో వెళ్దామని ఆయనంటే, ఆరు రోజులని నేనన్నాను. ఆరే ఖాయమైంది.

అసలు ముగ్గురిలో ఎక్కువ గొడవ చేస్తారనుకున్నది అత్తయ్య. "ఈ వయసులో అటొక కాలు ఇటొక కాలు వేసుకుని ఊరేగుతావా అమ్మాయ్" అని మొదటి రోజు అన్నారు కూడా. భద్రాచలం ప్రసాదం చేతిలో పెట్టాక మాత్రం గేటు దగ్గర బండి చుట్టూ ఒకసారి తిరిగి, దిండు నొక్కి చూశారు. మామయ్యగారి సైకిల్ క్యారేజీ మీద మడతపెట్టిన గోనెసంచి వేసుకుని కూర్చునేవారట, ధవళేశ్వరం నుంచి రాజమండ్రికి సినిమాలకి. "ఒరే, నన్ను పుష్కర ఘాట్ దాకా తీసుకెళ్ళు" అన్నారు కొడుకుతో.

74 ఏళ్ళ మనిషి. వద్దని ఎవరం అనలేకపోయాం. ముడి మీద నా హెల్మెట్ దిగక, ముడి విప్పి జడ వేశాను. స్టూలు వేసి ఎక్కించి, సంచి తీసేసి, ఒక పక్కకి కూర్చోబెట్టాను. పైట చెంగు తీసి నడుం దగ్గర నేనే దోపాను.

"నెమ్మదిగా తీసుకెళ్ళండి" అన్నాను ఆయనతో.

"నువ్వు తప్పుకో, గేటుకి అడ్డం నిలబడ్డావు" అన్నారు అత్తయ్య.