చెవిలో కీచురాళ్లు

2025 ఆగస్టు 31, ఆదివారం
వినాయక చవితి అయిదో రోజు. రుషికొండ బీచ్ రోడ్డు మీద వ్యాను, దాని మీద మనిషెత్తు డీజే బాక్సులు. పక్కన ఎగురుతున్న కుర్రాళ్ల చొక్కాలు బేసు దెబ్బకి అదురుతున్నాయి. తండ్రి భుజాలెక్కిన ఓ పిల్లాడి చెవులు సరిగ్గా స్పీకరు ఎత్తులో ఉన్నాయి. వాడు చెవులు మూసుకుంటే, తండ్రి నవ్వుతూ ఆ చేతులు తీసి తాళం వేయించాడు. జనావాసాల్లో పగలు 55 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు. రాత్రి పదికి మైకు కట్టేయాలన్న ముక్క మాత్రం అందరికీ తెలుసు. పదిలోపు ఎంతైనా వాయించొచ్చన్నది మనవాళ్లు చెప్పుకునే అర్థం!

సెప్టెంబర్ 1
నిన్నటి డీజే మోత తర్వాత పక్కింటి కుర్రాడికి చెవులు దిబ్బడేసి గుయ్యిమన్నాయట. సాయంత్రానికి సర్దుకుంది, ఏమీ కాలేదని వాడి ధీమా. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు పదిహేను వేల చిల్లర. పెద్ద మోతకి కొన్ని వాలి మళ్లీ లేస్తాయి, కొన్ని చచ్చిపోతాయి. కోడిపిల్లకైతే కొత్తవి వస్తాయి, మనిషికి రావు. వినికిడి పూర్తిగా తేరుకున్నట్టు కనిపించినా నరాల అతుకులు తెగిపోయి ఉండొచ్చని 2009లో హార్వర్డ్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు.

సెప్టెంబర్ 3
గాజువాక నుంచి మావయ్య వచ్చాడు. వయసంతా ఆటోనగర్ షెడ్డుల్లో ఇనుప ప్లేట్లు గ్రైండింగ్ చేశాడు.
"రేత్రయితే సాలు అల్లుడూ, సెవిలో కీచురాళ్లే."
ఆయన వినికిడి పరీక్ష ఆడియోగ్రామ్ చూశాను. గీత బాగానే నడిచి 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడి, మళ్లీ కాస్త లేచింది. మోత వల్ల దెబ్బతిన్న చెవి ఆనవాలు అదే. చెవి నుంచి కబురు తగ్గితే మెదడు తన వాల్యూం పెంచుకుంటుందని, ఆ కీచురాళ్ల హోరు అదేనని చాలామంది శాస్త్రవేత్తల మాట. అత్తయ్య వెల్లుల్లి కాచిన నూనె పోస్తోందట. నూనె కర్ణభేరి దాటదు, దెబ్బ దాని వెనకాల ఉంది.

సెప్టెంబర్ 4
మావయ్య తెల్లారేదాకా నిద్రపోయాడు! కిటికీలోంచి వచ్చే కెరటాల హోరు ఆయన హోరుని కప్పేసింది. చెవి డాక్టర్లు రాత్రిపూట ఫ్యానో, సన్నని ధ్వనో పెట్టుకోమనేది ఇందుకే. హోరు పోదు, దాని మీద ధ్యాస తగ్గుతుంది. గాజువాకకి సముద్రాన్ని పట్టుకెళ్లలేం కాబట్టి టేబుల్ ఫ్యాను కొనిచ్చాను.

సెప్టెంబర్ 6
ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి పరిమితి 90 డెసిబెల్స్‌గా పెట్టారు. మోత వల్ల వచ్చే చెవుడుని 1948 ఫ్యాక్టరీల చట్టంలో అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చారు. చిన్న షెడ్లో ఎవరు తెలియజేస్తారు? కనీసం ఇయర్ ప్లగ్గులైనా పెట్టుకోనివ్వండి, వాటి ఖరీదు ఒక టీ ఖర్చు. ఒక్కసారిగా ఒక చెవి వినపడక హోరెత్తితే మాత్రం నూనె చిట్కాలు మాని ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. స్టెరాయిడ్ మందు ఎంత త్వరగా పడితే వినికిడి దక్కే అవకాశం అంత ఎక్కువ.